అమ్మానాన్నలు లేని వేసవి

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా బెంగళూరులో, హూడి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 16 ఏళ్లు, ఫస్ట్ పీయూ (మన ఇంటర్ ఫస్టియర్ లాంటిది) చదువుతోంది. ఈమధ్య ఒక ఇంగ్లీషు నవల పట్టుకుంది. ముగ్గురు స్నేహితురాళ్లు, ఊళ్లో లేని పెద్దవాళ్లు, వేసవంతా సొంతంగా ఇల్లు నడుపుకోవడం, మధ్యలో అబద్ధాలు, అల్లరి... అదీ కథ. అది చదివిన దగ్గర్నుంచి ఇద్దరు ఫ్రెండ్స్‌తో మెట్రోలో చర్చ్ స్ట్రీట్ వెళ్లి రోజంతా తిరిగొస్తానంటోంది. వద్దన్నాను. ‘నన్నింకా ఎల్‌కేజీ పిల్లలా చూస్తావేంటమ్మా’ అంది. కోపంలో పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టాను. వారం నుంచి ముభావంగా ఉంటోంది. ఆ ఫ్రెండ్స్‌లో ఒకమ్మాయి మాటతీరు నాకు నచ్చదు. మావారేమో ‘పరీక్షలయ్యాక చూద్దాంలే’ అని తప్పుకుంటున్నారు. ఈ పుస్తకాలే పిల్లల్ని పాడుచేస్తున్నాయా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ముందు ఆ పుస్తకం తీసి ఇచ్చేయండి. ‘కోపంలో లాక్కున్నాను, అలా చేసుండాల్సింది కాదు’ అని ఒక్క మాట చెప్పండి, చాలు. ‘నీదయ్యాక నాకివ్వు, నేనూ చదువుతాను’ అనండి. అన్నందుకు నిజంగానే చదవండి.

ఈ తరహా నవలల్లో పెద్దవాళ్లను మొదట్లోనే ఏదో వంకన బయటికి పంపేస్తారు. మన జానపద కథల్లో రాకుమారుణ్ణి దేశాటనకు పంపినట్టే. అమ్మ ఇంట్లో ఉంటే అన్నం మాడకముందే స్టవ్ కట్టేస్తుంది, ఇక కథేముంది? ఆ తర్వాత పేజీల్లో సాధారణంగా జరిగేది ఏమిటంటే, ఉన్న డబ్బులు అయిపోవడం, గిన్నెలు ఎవరు తోమాలని గొడవపడటం, ఒకరు అలగడం, ఇంకొకరు బతిమాలడం. ఆడిన అబద్ధం దొరికిపోయి అందరిముందూ తలదించుకోవడం. నవ్వంతా అక్కడే ఉంటుంది. మీరు రాసినదాన్నిబట్టి మీ అమ్మాయి పుస్తకమూ ఆ కోవలోదే. వంతులేసుకుని గిన్నెలు తోమే పిల్లల కథ గురించి నేనైతే కంగారు పడను.

కంగారు పడాల్సింది ఇంకోటుంది. పదహారేళ్లప్పుడు నెల్లూరులో మీరు ఫ్రెండ్స్‌తో మ్యాట్నీకి వెళ్లే ఉంటారు. మీ అమ్మగారు ధైర్యంగా పంపారంటే, వీధి చివర కొట్టాయన దగ్గర్నుంచి రిక్షా అతని దాకా అందరికీ మీరు ఎవరమ్మాయో తెలుసు. మీరు ఇంటికి చేరేలోపే కబురు చేరేది. ఆ కాపలా మీకు కాపలాగా కనిపించలేదు, అంతే. బెంగళూరులో గేటు దాటితే మనల్ని ఎరిగినవాళ్లు లేరు. మీ భయం అక్కడ మొదలవుతోంది, అందులో అన్యాయమేమీ లేదు. కానీ దాని ఫలితం చూడండి. కాలేజీ వ్యాన్, ఇల్లు, మళ్లీ వ్యాన్. కూరగాయలు యాప్‌లో గుమ్మం ముందుకొస్తాయి. ఇలా పెరిగిన పిల్లలు చాలామంది పదహారేళ్లొచ్చినా కిలో టమాటాలు బేరమాడి కొని ఎరగరు. రెండేళ్లలో ఏ హాస్టల్‌కో పంపాల్సి వస్తే అప్పుడు ఒక్కసారిగా అన్నీ నేర్చుకోవాలి, అదీ మీరు పక్కన లేకుండా. ఇప్పుడైతే ఏం జరిగినా రాత్రికి మీ ఇంటికే వస్తుంది.

పైగా ఆమె అడిగినది పెద్ద సాహసమేమీ కాదు. 2023 అక్టోబరు నుంచి మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడుస్తోంది. హూడిలో ఎక్కితే ఎక్కడా మారకుండా ఎంజీ రోడ్‌లో దిగొచ్చు. మొదటి బోగీ ఆడవాళ్లది. అక్కణ్ణుంచి చర్చ్ స్ట్రీట్‌కు నడిచే దూరం. బ్లాసమ్, బుక్‌వర్మ్ లాంటి పుస్తకాల షాపుల్లో పాత పుస్తకాలు తిరగేస్తూ గంటలు గడిపేయొచ్చు. కొంచెం గాలి కావాలంటే తర్వాతి స్టేషనే కబ్బన్ పార్క్. (బస్సెక్కితే మాత్రం ఒక సంగతి. కర్ణాటకలో ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఉంది గానీ ఇక్కడి అడ్రసున్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్‌లో ఇంకా నెల్లూరే ఉంటే టికెట్ కొనాల్సిందే. ఇలాంటివి కండక్టర్ నోట వింటే బాగా గుర్తుంటాయి.)

మొదటిసారి రోజంతా వద్దు, పూట చాలు. ప్లాన్ మీరు వేయకండి, వాళ్లనే వేసి చూపించమనండి: ఎన్నింటికి బయల్దేరతారు, ఎక్కడ తింటారు, ఎంత ఖర్చవుతుంది, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఏం చేస్తారు. డబ్బులు కొంత చేతికివ్వండి. చేరాక ఒక మెసేజ్, తిరిగి బయల్దేరాక ఒకటి. మధ్యలో ‘తిన్నారా’ అని ఫోన్ చేయొద్దు, ఇది మీకు కష్టమే. లైవ్ లొకేషన్ పెట్టకపోతే టెన్షన్ తగ్గదనుకుంటే ఆమెకు చెప్పే పెట్టండి, దొంగచాటుగా వద్దు. ఆపదలో సాయానికి 112 నంబరు గుర్తుంచుకోమనండి. ఒక హామీ మాత్రం కచ్చితంగా ఇవ్వండి: ఏ ఇబ్బంది వచ్చినా, తప్పు తనదే అయినా, ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తారు, తిట్లేవైనా ఉంటే మర్నాడు. ఈ హామీ ఉన్న పిల్లలకు అబద్ధం అవసరం తక్కువ.

ఆ ఫ్రెండ్ సంగతి. ఇద్దర్నీ ఓ ఆదివారం భోజనానికి పిలవండి. నెల్లూరు చేపల పులుసు పెట్టి చూడండి, మాటతీరు దానంతటదే మెత్తబడొచ్చు. మెత్తబడకపోయినా ఫర్వాలేదు, గట్టిగా మాట్లాడటం దోషం కాదు. మీరు గమనించాల్సినవి వేరే ఉన్నాయి. ఖర్చంతా ఎప్పుడూ మీ అమ్మాయితోనే పెట్టిస్తోందా, ఇంట్లో చెప్పొద్దంటోందా, మీకు తెలియని పెద్దవాళ్లను వెంటబెట్టుకొస్తోందా? అలాంటివుంటే వద్దనండి, కారణం చెప్పి మరీ. మిగతా ఇద్దరి అమ్మలతో ముందే ఓసారి మాట్లాడుకోండి, వాళ్లూ మీలాగే మథనపడుతూ ఉంటారు.

ముభావం పుస్తకం తిరిగిచ్చాక తగ్గాలి. తగ్గకుండా నిద్ర, తిండి, చదువు కూడా దెబ్బతింటుంటే అది అలక కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక మీవారు. ‘పరీక్షలయ్యాక’ అన్నది మన ఇళ్లల్లో ఎప్పటికీ రాని తేదీ. ఫస్ట్ పీయూ అయితే సెకండ్ పీయూ, తర్వాత ఎంట్రన్సులు. క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి ఒక శనివారం ఆయన చేతనే ఖాయం చేయించండి. ఆ రోజు సాయంత్రం గంట ముందే వెళ్లి హూడి స్టేషన్ మెట్ల దగ్గర నిలబడొద్దని కూడా చెప్పండి. ఇలా తప్పుకునే నాన్నలే సాధారణంగా అక్కడ దొరుకుతారు.