ఇంజనీరు కాబోయే పిల్లాడికి సోషల్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. లెక్కలు, సైన్సు బాగా చేస్తాడు. సోషల్ అంటే బట్టీ పట్టడమే అని విసుక్కుంటాడు. రేపు ఇంజనీరింగ్‌కు పోయేవాడికి ఆ సబ్జెక్టులో పాస్ మార్కులు చాలవా?

చాలవండీ. అలాగని నూటికి తొంభై వచ్చినా చాలవు. నాకు వరసకు బావ ఒకాయన పెద్ద కంపెనీలో ఇంజనీరు. మామ, అంటే వాళ్ల నాన్న, పోయాక పొలం తన పేరుకు మార్పించుకోవాల్సి వచ్చింది. వన్-బీ (ఏ భూమి ఎవరిదో చెప్పే హక్కుల పత్రం) ఏమిటో, అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఊరి లెక్క) ఏమిటో, సర్వే నంబరు పక్కన ఎ, బి అని ఎందుకు పడ్డాయో తెలియక, ఆఫీసు బయట చెట్టు కింద కూర్చునే మధ్యవర్తి అడిగినంతా చేతిలో పెట్టి వచ్చాడు. పదో తరగతిలో ఆయనకు సోషల్‌లో 90 దాటాయి. మన రెవెన్యూ ఆఫీసుల్లో జనం పడే తిప్పల్లో సగం హైస్కూల్లో సోషల్ సరిగ్గా చెప్పకపోవడం వల్లేనని నేను గట్టిగా నమ్ముతాను.

నాకు ఆ కాగితాలు చదవడం వచ్చిందంటే మా సారు పుణ్యం. మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు పల్లె. బ్రిటిష్ వాళ్ల భూమిశిస్తు పాఠం మొదలుపెట్టే ముందు రోజు సారు, "మీ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత కాగితం తీసుకురండి" అన్నారు. మా అవ్వ ట్రంకుపెట్టె మీద చెయ్యి వేయనివ్వలేదు. "బడికి భూమి కాగితాలెందుకురా? ఎవురికన్నా రాసిచ్చేదుందా?" అని అనుమానం. గంటసేపు బతిమాలితే ఒకే ఒక్క శిస్తు రసీదు తీసి, చీరల షాపు కవర్లో పెట్టి, తనే నా పుస్తకంలో దూర్చింది.

సారు దాన్ని పైకి చదివారు. నాలుగు రూపాయల పదకొండు అణాలు, ఫసలీ 1357. క్లాసంతా గుసగుసలు. వెనక బెంచీ వాడొకడు లేచి, "సార్, అంటే బుక్కరాయల కాలందా?" అన్నాడు. సారు నవ్వి, "నీకు విజయనగరం గుర్తుంది, సంతోషం. ఇప్పుడు దీనికి 590 కలుపు" అన్నారు. 1947 వచ్చింది. ఫసలీ అంటే పంట లెక్కతో నడిచే సంవత్సరం, అక్బరు కాలం నుంచి వస్తున్నది. మన రెవెన్యూ లెక్కలో జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అంటే ఆ ఒక్క ఫసలీలో మొదటి నెలన్నర తెల్లవాళ్లది, మిగతాదంతా మనది. రసీదు మీద తేదీ 1948 జనవరి. మా తాత కట్టిన శిస్తు స్వతంత్ర దేశానికే చేరిందని తెలిసి నాకెందుకో గర్వంగా అనిపించింది. కట్టిన డబ్బులో తేడా ఏమీ లేదనుకోండి!

అక్కడి నుంచి సారు మన్రో కథలోకి వెళ్లారు. 1800లో నిజాం దత్త మండలాలను, అంటే మన రాయలసీమ వైపు ప్రాంతాన్ని, ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పొలాలు కొలిపించాడు. జమీందారు మధ్యలో లేకుండా ఒక్కో రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతి పెట్టాడు. అదే రైత్వారీ. రైతుల మీద వేసిన శిస్తు ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించమని 1807లో ఆయనే పైవాళ్లకు రాశాడు. అప్పట్లో వినలేదు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో కలరా వచ్చి చనిపోయింది ఎక్కడో కాదు, మా పత్తికొండలోనే. రోజూ బస్సు ఎక్కే ఊరి పేరు పాఠంలో వినపడేసరికి అందరం నిటారుగా కూర్చున్నాం.

ఆ రోజు ఒట్టి చేతులతో వచ్చినవాడూ ఒకడున్నాడు. సారు తిట్టలేదు. "మీ ఇంట్లో కాగితం ఎందుకు లేదో మీ జేజినాయన్నడిగి రా" అని పంపారు. మర్నాడు వాడు చెప్పింది నాకింకా గుర్తుంది. వాళ్ల జేజినాయన జీతానికుండేవాడట. ఆయన పేరున్న కాగితం ఒకటుందట, అదొక ప్రోనోటు, అదేమో షావుకారి ఇంట్లో ఉందట. భూమి ఎవరికుంది, ఎవరికి లేదు అన్న సంగతి మాకు ఆ పిల్లాడి వల్లే అర్థమైంది. పుస్తకంలో ఆ పాఠానికి ఒక పేజీ, ఆ పేజీకి నాలుగు బిట్లు.

ఇప్పుడు చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి చరిత్ర పుస్తకంలో మొదటి పాఠమే యూరప్‌లో జాతీయవాదం. జర్మనీని ఏకం చేసిన బిస్మార్క్, ఇటలీ ఏకీకరణకు పోరాడిన గరిబాల్డీ గురించి చదవొద్దని నేననను. మన అల్లూరి సీతారామరాజు కూడా అందులో ఉన్నాడు, తర్వాతి పాఠంలో. కానీ సొంత తాలూకా కథ తెలియని పిల్లాడికి ఇటలీ ఏకీకరణ బట్టీ కాక ఇంకేమవుతుంది? నన్నడిగితే తొమ్మిది, పది తరగతుల్లో ఇంటి కాగితంతో మొదలుపెట్టి ఊరు, తాలూకా, జిల్లా దాటించి అప్పుడు ఢిల్లీ, ఆ తర్వాతే యూరప్ చెప్పాలి. ఇక ఫౌండేషన్ కోర్సుల పేరుతో ఆరో తరగతి నుంచే సోషల్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేసే బళ్ల గురించి మాట్లాడితే నా బీపీ పెరుగుతుంది.

మీవాడికి పాత అడంగల్ ఒకటి చూపించి ఫసలీ లెక్క కట్టమనండి. లెక్కలంటే ఇష్టం అంటున్నారుగా, అలా అయినా పట్టుబడతాడు. మార్కుల సంగతంటారా, మ్యాప్ పాయింటింగ్ మాత్రం వదలొద్దని చెప్పండి. ఖాళీ ఇండియా మ్యాపు తీసుకుని రోజూ పడుకునే ముందు నదులు, రాష్ట్రాలు గుర్తిస్తే చాలు. అందులో మార్కులు పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకిప్పటికీ కోపమే వస్తుంది.