నాగార్జునకొండకు పిల్లల్ని తీసుకెళ్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. సోషల్ టీచరుగా చేరిన మొదటి ఏడే పిల్లల్ని నాగార్జునకొండకు తీసుకెళ్తానని హెడ్మాస్టరుగారిని ఒప్పించావంటే చాలా సంతోషంగా ఉంది. అక్కడ ఏం చూపించాలి, ఏం చెప్పాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగావు. నాకు తెలిసినంత రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి పిల్లలతో వెళ్లినప్పుడు లాంచీ దిగిన దగ్గర్నుంచి నాకు ఒకటే ఉత్సాహం. కొండ మీద స్నానఘట్టం మెట్ల దగ్గర నిలబడి, "పదిహేడు వందల ఏళ్ల కిందట ఇక్ష్వాకుల కాలం వాళ్లు సరిగ్గా ఇక్కడే స్నానాలు చేశారురా" అని గొప్పగా చెప్పాను. వెనక వరసలో ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, నది కింద లోయలో ఉండేదని బళ్లో చెప్పారు కదా. మరి స్నానాల రేవు కొండ మీద ఎందుకు కట్టుకున్నారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చదువుకోకుండా వెళ్లాను. తిరుగు ప్రయాణంలో ఆ అబ్బాయి మొహం చూడ్డానికి సిగ్గేసింది. ఆ తర్వాతే కూర్చుని చదివాను.

ఆ కుర్రాడు అడిగిన ప్రశ్నలోనే ఈ దీవి చరిత్ర అంతా ఉంది. నీ పాఠం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టు.

నాగార్జునకొండ పుట్టుకతో దీవి కాదు. కృష్ణ ఒడ్డున, మూడు వైపులా కొండలున్న లోయలో అదొక కొండ. ఆ లోయలోనే మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఆ కొండల ప్రాంతాన్ని శాసనాల్లో శ్రీపర్వతం అన్నారు. 1926లో సూరపరాజు వెంకటరామయ్యగారనే స్కూలు మాస్టారు అక్కడ ఒక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పు, అమ్మాయీ. ఒక పంతులుగారు చూసిన రాయిని చూసినట్టు వదిలేయకుండా పైవాళ్లకు చెప్పబట్టే ఇదంతా లోకానికి తెలిసింది. నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా క్లాసులో ఒకరిద్దరైనా నిటారుగా కూర్చునేవాళ్లు.

1927 నుంచి 1931 వరకు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఇరవై అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న ఇటుకలతో కట్టిన మహాచైత్యం, అంటే బౌద్ధుల పెద్ద స్తూపం, బయటపడింది. దాని అడ్డుకొలత 106 అడుగులు. పైనుంచి చూస్తే బండిచక్రంలా ఉంటుంది: నడుమ చక్రం కుండ, చుట్టూ చక్రం ఆకుల్లాంటి ఇటుక గోడలు, బయట కమ్మిలాంటి గుండ్రటి గోడ. ఆ ఖాళీల్లో మట్టి నింపారు. నిండుగా ఇటుక పేర్చకుండానే అంత పెద్ద కట్టడాన్ని గట్టిగా నిలబెట్టిన తెలివి అది. లోపల వెండి భరిణెలో బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క దొరికాయి. ఇటుక కొలత చెప్పేటప్పుడు అట్టముక్కను అదే కొలతకు కత్తిరించి పట్టుకెళ్లు. నోటితో చెప్తే ఎక్కదు, చేతిలో పెడితే మర్చిపోరు.

తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు కాబట్టి 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగం గుళ్ల దాకా దొరికాయి. ఆరేళ్లలో ఎంత చేయగలరో అంత చేశారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను విప్పి కొండమీదికి తెచ్చి తిరిగి కట్టారు. ఇంకో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. స్నానఘట్టం అలాగే పైకెక్కింది. ఆ కుర్రాడికి నేను ఇవ్వలేకపోయిన జవాబు ఇదే. మిగిలినవన్నీ నీళ్ల కింద ఉన్నాయి. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. లోయ జలాశయమైంది, కొండ దీవైంది.

ఇది క్లాసులో చెప్పేటప్పుడు ఒక పని చెయ్యి. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో బంకమట్టితో లోయ కట్టించు. చుట్టూ గుట్టలు, నడుమ ఒక ఎత్తు కొండ, అడుగున అగ్గిపెట్టెలతో ఊరు, స్తూపం, ఏటి పాయ. పిల్లలే కట్టాలి. మధ్యాహ్నం దాకా కట్టనిచ్చి, "మీ దగ్గర రెండు నిమిషాలున్నాయి, కొండమీదికి ఏవి తీసుకెళ్తారో తీసుకెళ్లండి" అని చెప్పి చెంబుతో నెమ్మదిగా నీళ్లు పొయ్యి. ఏది తియ్యాలి, ఏది వదలాలి అని వాళ్లు వాదించుకుంటారు, కొందరికి కోపం కూడా వస్తుంది. నువ్వేమీ మాట్లాడకు. ఆ వాదనే చాలు. ఒక ఏడు ఒకమ్మాయి స్తూపాన్ని వదిలేసి ఊళ్లోని అగ్గిపెట్టెలన్నీ ఏరి ఒళ్లో వేసుకుంది. ఎందుకమ్మా అంటే, "మనుషులున్నారు కదా సార్" అంది. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు కూడా ఉండేది మరి. ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల గురించి మనం రాళ్ల గురించి చెప్పుకున్నంత చెప్పుకోం. మీ చుట్టుపక్కల అలా వచ్చి స్థిరపడిన కుటుంబాల పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ప్రయాణానికి ముందే ఒకరిని బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించు.

అలాగని ఆనకట్ట తప్పు అని తీర్పు చెప్పకు. కుడి కాలువ, ఎడమ కాలువ నీళ్లతో పండిన బియ్యమే ఆ పిల్లల్లో చాలామంది తింటున్నారు. రెండు సంగతులూ వాళ్ల ముందు పెట్టు. ఎవరికి తోచినట్టు వాళ్లను ఆలోచించుకోనివ్వు.

ఇప్పుడు దీవి మీద ఏం చెయ్యాలో చెప్తాను. ఒక్కొక్కరికి నాలుగు రంగుల పెన్సిళ్లు, ఒక తెల్ల కాగితం ఇవ్వు. మొదటినుంచీ ఆ కొండ మీదే ఉన్నదానికి ఒక రంగు. అంటే అక్కడి మధ్యయుగపు కోట గోడలు. కింద నుంచి తెచ్చి తిరిగి కట్టిన కట్టడాలకు రెండో రంగు. నమూనాలకు మూడోది. మ్యూజియంలో పెట్టిన అసలు శిల్పాలకు నాలుగోది. తిరుగుతూ గుర్తు పెట్టుకోమను. నా అనుభవంలో దీన్ని మించిన పాఠం లేదు. పాత రాయి ఏది, కొత్తగా కట్టింది ఏది అని తేడా తెలిసిన పిల్ల, రేపు ఏ గుడికి వెళ్లినా "రెండు వేల ఏళ్ల నాటిది" అని ఎవరో అనగానే తలూపదు. తిరిగి కట్టింది అంటే తక్కువది అనుకోనివ్వకు. దాన్ని కాపాడటానికే పైకి తెచ్చారు. కాకపోతే ఏది ఏదో నిజం చెప్పాలి.

బౌద్ధ గురువు ఆచార్య నాగార్జునుడి సంగతి పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆయన పేరు మీదే కొండకు ఆ పేరు వచ్చింది, ఆయన ఇక్కడ ఉన్నాడని సంప్రదాయం చెప్తుంది. శాసనాల్లో గట్టిగా కనిపించేది మాత్రం ఆడవాళ్ల పేర్లు. మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త. బోధిసిరి అనే ఉపాసిక (సన్యాసం తీసుకోకుండా బౌద్ధాన్ని పాటించే గృహిణి) చేసిన దానాలు ఒక శాసనంలో వరసగా ఉన్నాయి. రాణీ కాని ఒక ఇల్లాలు చేసిన దానాల లెక్క రాతి మీద చదువుతుంటే, ఆడపిల్లల కళ్లు ఎలా పెద్దవవుతాయో నువ్వే చూస్తావు.

మ్యూజియంలో అన్నీ చూపించాలని చూడకు. లాంచీ తిరిగి బయల్దేరే టైము నీ చేతిలో ఉండదు. మూడు చూపించు చాలు. ఒకటి, మునిగిపోయిన లోయ నమూనా. మీ టబ్బు గుర్తొచ్చి దాని ముందు పిల్లలు తమంతట తామే ఆగుతారు. రెండు, పొడుగు అంగీ, ఈటెతో నిలబడిన శక (మధ్య ఆసియా జాతి) సైనికుడి బొమ్మ. ఈ లోయకు ఎక్కడెక్కడి మనుషులు వచ్చారో ఆ బట్టలే చెప్తాయి. మూడు, బొమ్మలు చెక్కిన ఏదైనా ఒక్క రాతి పలక. దాని ముందు పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టు. పలనాటి సున్నపురాయి అది, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. దగ్గరికి వెళ్లి చూస్తే వేలి గోరంత మనిషి మొహంలో కూడా నవ్వు కనిపిస్తుంది. ఆ రాయి మెత్తన కాబట్టే అంత సన్నగా చెక్కగలిగారు. మెత్తన కాబట్టే అంత తేలిగ్గా పాడవుతుంది కూడా.

అందుకే ముట్టుకోవద్దు అని ఊరికే అరవకు, ఎందుకో చెప్పు. చేతి జిడ్డు, చెమట పడుతూ ఉంటే రాయి నల్లబడుతుంది. నిమ్మరసం లాంటి పులుపు ఏది పడ్డా సున్నపురాయి కరుగుతుంది. బడిలోనే చిన్న సున్నపురాయి ముక్క మీద రెండు చుక్కల నిమ్మరసం వేసి చూపించు. శాసనం బాగా కనపడాలని అక్షరాల్లో సుద్దపొడి రుద్దేవాళ్లను చూశాను. బొట్లు పెట్టేవాళ్లను, భక్తితో పసుపు రాసేవాళ్లను చూశాను. మనసు మంచిదే, దెబ్బ మాత్రం రాయికి. పేర్లు చెక్కడం గురించి చెప్పక్కర్లేదనుకుంటాం, కానీ చెప్పు. పాత కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం, దాని 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

నీకు ఇంకో ఆలోచన వస్తుందని నాకు తెలుసు, నాకూ వచ్చింది. పిల్లలతో శ్రమదానం చేయిద్దాం, ఇటుకల మీద పాకుడు గీకిద్దాం, మొక్కలు పీకిద్దాం అని. వద్దమ్మా. ఇటుకల సందుల్లో వేళ్లు దిగిన మొక్కను లాగితే ఇటుకతో సహా వస్తుంది. బ్రష్షుతో రుద్దితే పాకుడుతో పాటు రాయి పొర కూడా పోతుంది. అది నేర్చుకున్నవాళ్లు చేయాల్సిన పని. పిల్లల చేత దారిలో పడ్డ ప్లాస్టిక్ ఏరించు, ఆ సంచులు లాంచీలో వెనక్కి తెచ్చెయ్. దీవి మీద ఊరు లేదు, మున్సిపాలిటీ లేదు. అక్కడ వదిలిన కవర్ గాలికి కొట్టుకుపోయి నీళ్లలో పడుతుంది. అన్నం పొట్లాలు స్టీలు డబ్బాల్లోనే తెచ్చుకోమని ముందే చెప్పు.

ఒక ఏడు లాంచీ సగం దూరం వచ్చాక ఒక పిల్లాడు ఏడుపు మొహంతో నా పక్కన కూర్చుని గుప్పిట తెరిచాడు. బొటనవేలంత ఇటుక ముక్క. చెమటకు ఎర్రగా అరచేతికంతా అంటుకుంది. "దాచుకుందామని తెచ్చాను సార్, ఇప్పుడు భయమేస్తోంది" అన్నాడు. తిట్టలేదు. దాన్ని కాగితంలో చుట్టి, ఎక్కడ తీశాడో వాడి చేతనే రాయించి, రేవులో లాంచీ వాళ్లను బతిమాలి మర్నాడు ఉదయం మ్యూజియం వాళ్లకు అందేలా పంపాను. ఆ ముక్క పాతదో తిరిగి కట్టినప్పటి కొత్తదో నాకు తెలీదు, కానీ అది ఆ కొండదే. అందుకే నువ్వు లాంచీ ఎక్కకముందే, ఎవరి మీదా అనుమానం చూపకుండా, "జేబుల్లో ఏదైనా ఉంటే ఈ గంపలో వేసేయండి" అని మూడు నిమిషాలు అటు తిరిగి నిలబడు.

ప్రయాణం సంగతి. విజయపురి సౌత్ నుంచి లాంచీలో దాదాపు గంట. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకు. గాలి ఎక్కువగా ఉంటే లాంచీ కదలదు, ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి కనుక్కో. వేసవి వద్దే వద్దు. ఎండ ఒకటైతే, నీళ్లు బాగా తగ్గి ఒడ్డంతా బురదగా ఉండటం ఇంకొకటి. వర్షాలు వెనకబట్టాక, జలాశయం నిండుగా ఉన్నప్పుడు వెళ్తే ఎంత లోయ మునిగిందో కళ్లకు తెలుస్తుంది. లైఫ్ జాకెట్ లేని పిల్లని ఎక్కించొద్దు, లేవంటే ఆ ట్రిప్పు మానుకో. దీనిలో మొహమాటం పనికిరాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ లెక్కపెట్టు. అనుపు అనే చోట తిరిగి కట్టిన ఇక్ష్వాకుల నాటి రంగస్థలం ఒడ్డు మీదే ఉంది. టైముంటే సాయంత్రం అక్కడ మెట్ల మీద కూర్చోబెట్టి రంగుల కాగితాలు పూర్తి చేయించు.

చివరగా ఒకటి అడుగుతున్నాను. నేను వెళ్లిన ప్రతిసారీ మూడు చోట్ల, ఒకే కోణంలో ఫొటోలు తీసి పుస్తకంలో అతికించాను. మహాచైత్యం తూర్పు వైపు, కోట గోడ మలుపు, రేవు దగ్గర మెట్లు. నెల, తేదీ, నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో పక్కన రాశాను. కోట గోడలో ఒక చోట పగులు ఏటికేడు ఎలా పెరిగిందో ఆ ఫొటోల్లో కనిపిస్తుంది. దాన్ని ఒకసారి అక్కడి సిబ్బందికి చూపిస్తే కూర్చోబెట్టి అంతా చూశారు. నా మోకాళ్లు ఇప్పుడా మెట్లు ఎక్కనివ్వడం లేదు. పుస్తకాలు రెండూ ఇనప్పెట్టెలో, పైన పాత టవల్ చుట్టి ఉన్నాయి. ఫొటో తీయడానికి ఎక్కడ నిలబడాలో మొదటి పేజీలో అడుగుల లెక్కతో రాశాను. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్లు. మీ పెద్దమ్మ నిన్ను చూడాలంటోంది కూడా.

ఇట్లు,
మీ పెదనాన్న