సినిమాలో ఆ సీన్‌కి నవ్వినందుకు ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: మా ఆయనకి ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. పదమూడేళ్లు చేసిన కంపెనీ. వీడియో కాల్‌లో పది నిమిషాల్లో చెప్పేశారు. కాల్ ముగిసేసరికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోయింది. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. తొమ్మిదేళ్ల బాబుతో కూడా నాన్న ఇంటి నుంచే పని చేస్తున్నారని చెప్పాం. మూడు వారాల క్రితం మా బావగారు (మా ఆయన అన్నయ్య), అక్క (నా తోటికోడలు) వచ్చారు. భోజనాలయ్యాక మా ఆయనే ‘రోజర్ అండ్ మీ’ అనే పాత అమెరికన్ డాక్యుమెంటరీ పెట్టారు. కార్ల ఫ్యాక్టరీలు మూసేశాక ఒక ఊరు ఏమైపోయిందో చూపించే సినిమా. అందులో ఒకావిడ కుందేళ్లు అమ్ముతుంది. పెంచుకోవడానికైనా సరే, కూరకైనా సరే అని బోర్డు పెట్టుకుంటుంది. ఆ సీన్‌కి బావగారు పగలబడి నవ్వారు. “చేతనైనవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది, వీళ్లంతా కూర్చుని ఏడ్చే రకం. పైగా ఆ తీసినవాడు తేదీలు తారుమారు చేశాడట” అన్నారు. మా ఆయన “నీకేం తెలుసని మాట్లాడతావ్” అని అరిచి లోపలికెళ్లిపోయారు. అప్పటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. బావగారికి కారణమే అర్థం కాలేదు. ఈయన రాత్రిళ్లు అదే సినిమా మళ్లీ మళ్లీ చూస్తున్నారు. కార్లో పాట విన్న మనిషి సీన్ దగ్గర వెనక్కి తిప్పి మరీ చూస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆ కుందేళ్లావిడని చూసి నాకూ నవ్వొచ్చింది. బావగారి చేత సారీ చెప్పించడం ఎలా?

జవాబు: అమ్మా, మీరు అడిగినది చివరి మాట గురించి. నేను ఆగిపోయింది దానికి ముందు మాట దగ్గర. మీకూ నవ్వొచ్చింది. మూడు వారాలుగా ఆ సంగతి మీలోనే దాచుకున్నారు. ఒకే గదిలో కూర్చున్నారు కాబట్టి ఆయన అది గమనించే ఉంటారనే నా అనుమానం. అన్నయ్య నవ్వు మీద కోప్పడటం ఆయనకి తేలిక. మీ నవ్వు గురించి మిమ్మల్ని అడగడం కష్టం.

ముందు ఒక మాట. నవ్వడం తప్పు కాదు. ఆ సినిమా నేనూ చూశాను, ఆ సీన్‌కి నేనూ నవ్వాను. కాసేపటికి ఆవిడ కెమెరా ముందే కుందేలును కొట్టి, తోలు ఒలుస్తుంటే నవ్విన నోరు మూసుకుపోయింది. ఆ సినిమా కట్టిన పద్ధతే అది. 1989లో విడుదలైనప్పుడు అమెరికాలో పెద్ద విమర్శకులే దీని మీద రెండుగా చీలిపోయారు. పాలిన్ కేల్‌కి ఆ నవ్వు నచ్చలేదు, కష్టాల్లో ఉన్న మామూలు మనుషుల్ని చూపించి ప్రేక్షకుణ్ణి నవ్విస్తున్నాడని దర్శకుడు మైకేల్ మూర్‌ని గట్టిగా తప్పుపట్టారు. మరో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ మూర్ పక్షాన నిలబడ్డారు. మీ హాల్లో జరిగిన గొడవ మీ ఒక్క ఇంటిదే కాదన్నమాట.

తేదీల విషయంలో మీ బావగారు చెప్పింది కూడా నిజమే. ఆ సినిమాలోని ఊరు ఫ్లింట్‌లో 1984లోనే తెరిచి, అట్టే కాలం నడవక మూతపడ్డ ఆటోవరల్డ్ అనే థీమ్ పార్కుని, 1986లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీల మూసివేతలు ప్రకటించాక ఊరిని నిలబెట్టడానికి కట్టినట్టు అనిపించేలా ఆ సినిమా చూపిస్తుంది. ఆ సంగతి అప్పట్లోనే బయటికొచ్చి, చాలా చర్చ నడిచింది. అయితే మీ ఆయన ఆ రోజు అరిచింది తేదీల కోసం కాదు. ‘చేతనైనవాడికి పని దొరుకుతుంది’ అన్న మాట తగిలి అరిచారు. తెర మీద మనుషుల గురించి అన్న మాటే కావచ్చు, పక్కనే సోఫాలో కూర్చున్న మనిషికి అది తన గురించే అన్నట్టు వినపడింది. ఆ సినిమా పెట్టింది కూడా ఆయనే కదా, అది మర్చిపోకండి. నాలుగు నెలలుగా నోటితో చెప్పలేని సంగతిని అన్నయ్యకి సినిమాతో చెప్పించాలని చూశారని నాకనిపిస్తోంది. ఆ మనిషి నవ్వేశాడు.

అందుకే బావగారి చేత సారీ చెప్పించే పని పెట్టుకోవద్దంటున్నాను. ఏం పోయిందో తెలియని మనిషి దేనికని సారీ చెప్తాడు? ‘నీ తమ్ముడికి సినిమా మీద అంత ప్రేమా’ అని ఇంకోసారి నవ్వుతాడు. అప్పుడు గాయం ఇంకా పెద్దదవుతుంది.

ఇక ఆ కారు సీన్. పనిలోంచి తీసేస్తున్నారన్న ఆందోళన ముంచుకొచ్చి, ఆ కార్మికుడు ఫ్యాక్టరీ వదిలి కారెక్కి ఇంటికి బయల్దేరతాడు. రేడియోలో ఓ హుషారైన ప్రేమపాట వస్తుంది. గొంతు కలపబోతాడు, కలవదు. ఆ అనుభవాన్ని తనే చెప్పుకుంటాడు. మీ ఆయన ఇంత పెద్ద సినిమాలో అక్కడే ఎందుకు ఆగుతున్నారో ఆలోచించారా? అందులో కంపెనీ మీద తిట్లు లేవు. ఒక మగవాడు తనకి భయమేసిందని పైకి చెప్పుకుంటున్నాడు, అంతే. ఈసారి ఆయన ఆ సీన్ చూస్తున్నప్పుడు ‘మళ్లీ అదేనా’ అనకండి. పక్కన కూర్చుని మీరూ చూడండి.

సినిమా మొత్తం ఒక వెతుకులాట. కంపెనీ ఛైర్మన్ రోజర్ స్మిత్‌ని ఎలాగైనా పట్టుకుని, ఫ్లింట్ తీసుకెళ్లి, తీసేసిన వాళ్లని చూపించాలని మూర్ ఆఫీసులకీ క్లబ్బులకీ తిరుగుతాడు. చివరికి ఓ క్రిస్మస్ సభలో దొరికితే, ఆయన రానంటాడు. ఉద్యోగం పోయినవాళ్లలో ఈ వెతుకులాట నేను చాలా మందిలో చూశాను. ‘నన్నే ఎందుకు’ అన్న ఒక్క ప్రశ్నకి జవాబు కోసం పాత మేనేజర్‌కి మెసేజ్‌లు పెడతారు, హెచ్‌ఆర్‌కి మెయిల్ మీద మెయిల్ రాస్తారు. మీ ఆయన కూడా అలాంటివి పంపుతుంటే రెండింటినీ విడదీయమనండి. రావాల్సిన బాకీలు, ఎక్స్‌పీరియన్స్ లెటర్, పీఎఫ్ కాగితాలు గట్టిగా, రాతపూర్వకంగా అడగాలి, వదలకూడదు. ‘నన్నే ఎందుకు’ అన్నది మాత్రం వేరే సంగతి. లిస్టు తయారుచేసిన మనిషి దగ్గర కూడా దానికి తృప్తిపడే జవాబు చాలాసార్లు ఉండదు.

ఇంట్లో ఆయన రోజు ఎలా గడుస్తోందో మీరు రాయలేదు. అది ముఖ్యం. 1930ల మొదట్లో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే చిన్న ఊళ్లో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని కోల్పోతే, వియన్నా నుంచి పరిశోధకులు వెళ్లి అక్కడి జీవితాన్ని దగ్గరగా గమనించారు. కిటికీ వెనక నిలబడి, వీధిలో ఎవరు ఎంత వేగంగా నడుస్తున్నారో, ఎన్నిసార్లు ఆగుతున్నారో గడియారం చూసి రాసుకున్నారు. మగవాళ్లు నడుస్తూ నడుస్తూ ఆగిపోయేవారు. రోజంతా ఏం చేశారో రాయమంటే లేవడం, మధ్యాహ్నం తినడం, పడుకోవడం తప్ప పెద్దగా రాయడానికేమీ ఉండేది కాదు. ఆడవాళ్లకి మాత్రం ఇంటి చాకిరీతో తీరికే లేదు. ఇంకో వింత చూడండి, చేతిలో బోలెడు టైమ్ ఉండి కూడా లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. పనిలేని టైమ్ తీరిక కాదు. ‘ఖాళీగానే ఉన్నారుగా, ఏదైనా కోర్సు చేయొచ్చుగా’ అని మీరు ఎప్పుడైనా అని ఉంటే, ఇక అనకండి. దానికి బదులు రోజులో ఒక్క గంటకి ఒక పేరు పెట్టండి. బాబుని స్కూల్ నుంచి తీసుకురావడం లాంటిదైనా చాలు, ఆయనే చేయాలి, రోజూ అదే టైమ్‌కి చేయాలి.

నా దగ్గరికొచ్చిన ఒకాయన ఫోన్‌లో, ఉద్యోగం పోయిన ఆరు నెలలకి కూడా, పొద్దున 9:45కి టీమ్ మీటింగ్ అలారం మోగేది. నా ఎదురుగానే మోగింది. ఆయన ఆపలేదు, మోగినంతసేపూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. తీసేయమని నేను చెప్పలేదు. ఆ టైమ్‌కి ఇంకేదైనా పని పెట్టుకున్నాక తనే తీసేస్తారని ఊరుకున్నాను. కొన్ని వారాలు పట్టింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. బాబు పడుకున్నాక, టీవీ ఆపేశాక, “ఆ రోజు కుందేళ్ల సీన్‌కి నాకూ నవ్వొచ్చింది. మిమ్మల్ని చూసి కాదు. కానీ మీరు పక్కనున్నారన్న సంగతి ఆ క్షణం మర్చిపోయాను” అని చెప్పండి. అంతకుమించి సంజాయిషీ వద్దు. ఆయన కోప్పడవచ్చు, మాట్లాడకుండా లేచి వెళ్లిపోవచ్చు. వెంటపడకండి. రెండ్రోజులు చూసి, బావగారికి చెప్దామా అని అడగండి. చెప్పాల్సింది ఆయనే, మీరు కాదు. ఆయనకి తెలీకుండా అక్కకి ఫోన్ చేసి ‘మీ మరిదికి ఉద్యోగం పోయింది’ అన్నారంటే, ఇప్పుడున్న చిక్కుకి తోడు కొత్తది వచ్చి పడుతుంది. ఎదురుగా చెప్పలేకపోతే ఒక మెసేజ్ చాలు: “అన్నయ్యా, నా ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఆ రోజు అరిచింది అందుకే.” చాలామంది అన్నలు ఇది చదివాక సారీ కోసం ఆగరు, బండి తీసుకుని వచ్చేస్తారు. మీ బావగారు ఆ రకమో కాదో నాకు తెలీదు, మీకు తెలుసు. వచ్చి రెజ్యూమె పంపమని హడావిడి చేస్తే మాత్రం ఆ ఒక్క పూట ఆపండి.

బాబుకి కూడా చెప్పేయండి. తొమ్మిదేళ్లవాడికి ఇంట్లో ఏదో జరిగిందని ఇప్పటికే తెలిసి ఉంటుంది, ఏమిటో తెలీక ఇంకా ఎక్కువ భయపడుతూ ఉంటాడు. ‘నాన్న పాత కంపెనీలో పని అయిపోయింది, కొత్తది వెతుకుతున్నారు, మనం తినడానికి, నీ స్కూలుకి ఇబ్బంది లేదు’ అంటే చాలు. చివరి మాట నిజమైతేనే అనండి.

రాత్రి మేలుకుని సినిమా చూడటం నాకు అంత భయం కలిగించదు. నిద్ర, తిండి రెండూ పడిపోయినా, మందు మొదలైనా, ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాట ఒక్కసారి వినపడినా మాత్రం ఈ సలహాలన్నీ పక్కన పెట్టి ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. రానంటే అప్పుడు మాత్రం ఆయన్ని అడక్కుండానే బావగారికి ఫోన్ చేయండి.