ఫెయిలైతే వచ్చే మెసేజ్ ముందు రాయి

చిన్నీ,

టెస్టుల్లో వాడే మ్యాచర్లు (వచ్చిన విలువ అనుకున్నట్టుందా అని చూసి, లేకపోతే తేడా చెప్పే కోడ్ ముక్కలు) రాసే పని నీకు అప్పజెప్పారన్నావుగా. ఫోన్‌లో చెబితే సగం గాల్లో పోతాయని ఇలా రాస్తున్నాను.

ముందు నా బాగోతం ఒకటి విను. చాలా ఏళ్ల కింద ఒక కంపెనీలో బిల్లింగ్ కోడ్ చూసేవాణ్ని. ఒక టెస్టు నా మెషీన్‌లో పాసయ్యేది, బిల్డ్ సర్వర్‌లో (అందరి కోడ్‌నూ కలిపి టెస్టులు నడిపే మెషీన్‌లో) ఫెయిలయ్యేది. అందులో ఉన్నది ఒకటే లైను: అసర్ట్‌ట్రూ (నిజమా కాదా అని మాత్రమే చూసేది) పెట్టి ఇన్‌వాయిస్ సరిగ్గా ఉందా అని అడగడం. లాగ్‌లో అసర్షన్ ఎర్రర్ అని, కింద లైను నంబరు. అంతే. తెల్లారేదాకా కూర్చుంటే తేలింది: సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మన అర్ధరాత్రి వేసిన గడువు అక్కడ ముందు రోజుకి పోయింది. "గడువు మార్చి 31 ఉండాలి, 30 ఉంది" అని ఆ టెస్టే చెప్పి ఉంటే టీ చల్లారేలోపు ఇంటికి బయల్దేరేవాణ్ని. ఆ టెస్టు రాసింది నేనే, అది మీ అమ్మకు చెప్పకు.

అందుకే, కోడ్ మొదలుపెట్టక ముందే, ఫెయిలైతే లాగ్‌లో కనపడాల్సిన రెండు లైన్లు కాగితం మీద రాసుకో. హ్యామ్‌క్రెస్ట్‌లో (జావాలో మ్యాచర్ల లైబ్రరీ; మ్యాచర్స్ అనే ఇంగ్లీషు మాటలోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి పెట్టిన పేరది) వాటికి వేర్వేరు చోట్లున్నాయి. ఏం కావాలో డిస్క్రైబ్‌టు చెబుతుంది, ఏం దొరికిందో డిస్క్రైబ్‌మిస్‌మ్యాచ్ చెబుతుంది. రెండోదాన్ని వదిలేస్తే అది నీ ఆబ్జెక్టు టుస్ట్రింగ్‌ను (ఆబ్జెక్టును టెక్స్టుగా చూపే మెథడ్ ఇచ్చేదాన్ని) తెచ్చి పడేస్తుంది. ఆ క్లాసుకు టుస్ట్రింగ్ రాయకపోతే వచ్చేది క్లాసు పేరూ, హ్యాష్ కోడూ. రాసి ఉంటే ఇంకా ఘోరం: 40 ఫీల్డుల్లో తేడా ఎక్కడుందో కళ్లతో వెతుక్కోవాలి.

విలువలను నువ్వే టెక్స్టులో కలపకు, మెసేజ్‌లో విలువను చేర్చే అపెండ్‌వాల్యూకు ఇవ్వు. స్ట్రింగ్ అయితే కోట్స్ పెడుతుంది, లాంగ్ (పెద్ద పూర్ణాంకాల టైపు) అయితే 5 పక్కన ఎల్ పెడుతుంది. ఇంటిజర్ 5, లాంగ్ 5 ఎందుకు సమానం కావట్లేదని తల పట్టుకున్నవాళ్లకు ఆ ఒక్క ఎల్ చాలు.

హ్యామ్‌క్రెస్ట్‌లోని టైప్‌సేఫ్‌డయాగ్నోజింగ్‌మ్యాచర్ అనే క్లాసుతో మొదలుపెట్టు. పేరు చూసి టెన్షన్ పడకు. పోల్చడమూ, తేడా చెప్పడమూ ఒకే మెథడ్‌లో ఉంటాయి. విడిగా రాస్తే ఎవరో ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మర్చిపోతారు, మెసేజ్ అబద్ధం చెప్పడం మొదలెడుతుంది. ఒక మెలిక మాత్రం ఉంది: ఫెయిలైనప్పుడు ఆ మెథడ్ రెండుసార్లు నడుస్తుంది, ఒకసారి కుదిరిందా అని, ఇంకోసారి ఎందుకు కుదరలేదని. మొదటిసారే ఇటరేటర్‌ను (లిస్టులోవి ఒక్కొక్కటిగా అందించేదాన్ని) ఖాళీ చేశావంటే రెండోసారి చెప్పడానికేమీ మిగలదు. తేడాను మ్యాచర్ ఫీల్డులో దాచిపెట్టడం కూడా వద్దు. ఎవ్రీఐటెమ్ లాంటివి అదే మ్యాచర్‌ను లిస్టులో ఒక్కొక్కదాని మీదా తిప్పుతాయి, ఒకదాని తేడా ఇంకోదానికి అంటుకుంటుంది.

రేపు మిగతావాళ్లు పెంచుకోవాలంటే, గడువు చూసే మ్యాచర్ తేదీని కాకుండా, తేదీని పోల్చే ఇంకో మ్యాచర్‌ను తీసుకోవాలి. అప్పుడు "ఈ తేదీయే" అన్నా, "నెలాఖరు లోపు" అన్నా కొత్త క్లాసు అక్కర్లేదు. ఉత్త తేదీ ఇచ్చేవాళ్ల కోసం ఈక్వల్‌టు (సమానమా అని చూసే మ్యాచర్) చుట్టిన చిన్న మెథడ్ పక్కన పెట్టు. ఒక్క ఫీల్డు చూడాలంటే ఫీచర్‌మ్యాచర్ ఉంది. వీటిని ఆల్‌ఆఫ్‌తో (అన్నీ కుదరాలనే మ్యాచర్‌తో) కలపొచ్చు కానీ అది మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. ఇన్‌వాయిస్‌కైతే నేను తేడాలన్నీ పోగేసి ఒకేసారి చెప్పేది సొంతంగా రాస్తాను. తప్పుకో బిల్డ్ చొప్పున ఎవరు కూర్చుంటారు?

మ్యాచర్ ఇంటర్‌ఫేస్‌ను నేరుగా ఇంప్లిమెంట్ చేయబోతే ఒక మెథడ్ అడ్డం పడుతుంది. దాని పేరే "మ్యాచర్‌ను ఇంప్లిమెంట్ చేయొద్దు, బేస్‌మ్యాచర్‌ను ఎక్స్‌టెండ్ చెయ్" అని ఇంగ్లీషులో! నవ్వొస్తుంది గానీ, రేపు ఇంటర్‌ఫేస్‌లో కొత్త మెథడ్ చేరినా పాత మ్యాచర్లు విరగకుండా ఉండేందుకే ఆ కాపలా.

టీమ్ అసర్ట్‌జే (ఇలాంటిదే ఇంకో లైబ్రరీ) కావాలంటే గొడవ పడకు. టెస్టులు నడిపే జేయూనిట్ 5లో సొంత అసర్ట్‌దట్ (విలువను మ్యాచర్‌తో పోల్చే మెథడ్) లేదు కాబట్టి ఏదో ఒకటి తెచ్చుకోవాల్సిందే, ఏది తెచ్చినా మెసేజ్ బాధ్యత నీదే. ఆ మెసేజ్ మీదా ఒక టెస్టు పెట్టు, హ్యామ్‌క్రెస్ట్‌లో అయితే స్ట్రింగ్‌డిస్క్రిప్షన్‌తో (మెసేజ్‌ను టెక్స్టుగా పట్టుకునే క్లాసుతో) ఐదు నిమిషాల పని.

మొదటి మ్యాచర్ అయ్యాక నాకు కోడ్ పంపకు. కావాలనే ఫెయిల్ చేసి, వచ్చిన లాగ్ ఒక్కటే పంపు. తప్పేంటో దాన్ని చూసి నేను చెప్పగలిగితే అప్పుడు టీమ్ కోడ్‌లో మర్జ్ చేద్దువుగాని.

మీ మావయ్య