వైర్లు లేకుండా కరెంటు పంపడం సాధ్యమే, కానీ ఎంత దూరం?

మీరు అడిగింది ఇది: వైర్‌లెస్ కరెంటు సాధ్యమే అంటున్నారు, వందేళ్ళ క్రితమే శాస్త్రవేత్త నికోలా టెస్లా చేసి చూపిస్తే వ్యాపారులు తొక్కేశారని కూడా చదివాను, మరి ఇప్పటికీ ఈ స్తంభాలూ తీగలూ ఎందుకు?

సాధ్యమే. చాలామంది రోజూ వాడుతున్నారు కూడా. తీగలు పోకపోవడానికి కారణం కుట్ర కాదు, దూరం. వైర్‌లెస్ చార్జింగ్ కాయిల్స్ (తీగ చుట్టలు) తయారుచేసి పరీక్షించే పనిలో కొన్నేళ్ళు ఉన్నాను కాబట్టి, అక్కడ చూసినదాంతోనే మొదలుపెడతాను.

దీని మూలం 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. ఒక కాయిల్లో కరెంటు మారుతూ ఉంటే, పక్కనున్న కాయిల్లో వోల్టేజి పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చేసేది ఇదే. అందులో అయస్కాంత క్షేత్రం పక్కకు పోకుండా ఇనుప కోర్ దారి చూపిస్తుంది. ఆ కోర్ తీసేసి మధ్యలో ఖాళీ వదిలితే అదే వైర్‌లెస్ చార్జర్. ఫోన్ చార్జర్లలో ఆ ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే.

మా పనిలో రెండు కాయిల్స్ మధ్య పల్చటి ప్లాస్టిక్ పలకలు ఒక్కొక్కటే పెంచుతూ అవతల ఎంత పవర్ అందుతోందో కొలిచేవాళ్ళం. మొదటి కొన్ని పలకల వరకు పెద్ద తేడా ఉండదు. ఖాళీ కాయిల్ వెడల్పును సమీపిస్తున్నకొద్దీ అందే పవర్ కళ్ళముందే పడిపోతుంది. ఇంకా దూరం వెళ్ళాక లెక్క మరీ కఠినం: దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు, అందే పవర్ సుమారు అరవై నాలుగో వంతుకు తగ్గుతాయి. పంపే వైపు కరెంటు పెంచుదామంటే, పెంచినదాంట్లో ఎక్కువ భాగం ఆ కాయిల్‌నే వేడి చేస్తుంది. ల్యాబ్ చూడటానికి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "దీన్ని గది మొత్తానికి పెంచలేరా?" ఆ పలకల మీద రీడింగులు చూపిస్తే అర్థమైపోయేది.

రెజొనెన్స్ వాడి ఈ దూరాన్ని కొంత పెంచొచ్చు. 2007లో ఎంఐటీలో మారిన్ సోల్యాచిచ్ బృందం రెండు మీటర్ల దూరంలో 60 వాట్ల బల్బు వెలిగించింది. రెండు కాయిల్స్‌నూ ఒకే ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేశారు (రెజొనెన్స్ అంటే ఇదే), సుమారు 40 శాతం శక్తి అవతలికి చేరింది. నాకు ఇప్పటికీ చాలా ఇష్టమైన ప్రయోగం అది. కానీ ఆ కాయిల్స్ వ్యాసం దాదాపు 60 సెంటీమీటర్లు అన్న సంగతి వార్తల్లో పెద్దగా రాలేదు. అంటే ఆ దూరం కాయిల్ వ్యాసానికి మూడు నాలుగు రెట్లే. పైగా ట్యూనింగ్ చాలా సున్నితం. దగ్గర్లో లోహం ఉంటే చాలు, చెదిరిపోతుంది. బల్ల కింద ఇనుప ఫ్రేమ్ ఉన్నా మా రీడింగులు మారిపోయేవి, అందుకని కొలతలన్నీ చెక్క బల్ల మీదే తీసేవాళ్ళం.

ఇంకో సంగతి, బయటివాళ్ళు ఊహించనిది. మా సమయంలో ఎక్కువ భాగం పవర్ పెంచడానికి కాదు, మధ్యలో పడే నాణేలు, తాళంచెవుల కోసం పోయేది. మారే అయస్కాంత క్షేత్రంలో లోహపు ముక్క ఉంటే దానిలో కరెంటు పుట్టి కాలిపోయేంత వేడెక్కుతుంది. దాన్ని గుర్తించి వెంటనే పవర్ ఆపాలి. ఫోన్‌కే ఇంత తలనొప్పి అయితే, కిలోవాట్లు పంపేచోట ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

ఎలక్ట్రిక్ కార్లకు ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ కొలతలు అనుకూలం. ప్యాడ్ పెద్దది, కారు కింద ఖాళీ తక్కువ. ఎస్‌ఏఈ జె2954 అనే, కార్ల వైర్‌లెస్ చార్జింగ్ ప్రమాణం ప్రకారం 85 కిలోహెర్ట్జ్ దగ్గర 11 కిలోవాట్ల వరకు పంపొచ్చు. సరిగ్గా ఎదురెదురుగా నిలిపితే సామర్థ్యం 90 శాతం దాటుతుంది.

ఇక కిలోమీటర్ల దూరం. ఇక్కడ కాయిల్స్ పనికిరావు, మైక్రోవేవ్ తరంగాలో లేజరో కావాలి. 100 వాట్లను అన్ని వైపులకూ వదిలారనుకోండి. పది మీటర్ల దూరంలో ఒక చదరపు మీటరు మీద పడేది 0.08 వాటు. ఫోన్ సైజు యాంటెన్నాకు దక్కేది ఒక మిల్లీవాటు కూడా కాదు. పోనీ ఒకే వైపుకు పంపుదామంటే, ఒక మీటరు డిష్ నుంచి 2.45 గిగాహెర్ట్జ్ కిరణం ఒక కిలోమీటరు వెళ్ళేసరికి వంద మీటర్లకు పైగా విచ్చుకుంటుంది. ఎంత మంచి ఇంజనీరైనా దీన్ని మార్చలేడు, అది తరంగాల స్వభావం. డిష్ పెంచాలి, లేదా ఫ్రీక్వెన్సీ పెంచాలి, అంతే.

1975లో అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో 26 మీటర్ల డిష్‌తో ఒకటిన్నర కిలోమీటరు దూరానికి 30 కిలోవాట్లకు పైగా అందించారు. రిసీవర్ మీద పడిన మైక్రోవేవ్‌లో 80 శాతానికి పైగా కరెంటుగా మారింది. అద్భుతమైన అంకె. కానీ పంపిన కిరణంలో చాలా భాగం రిసీవర్ పక్కనుంచి పోయింది. అందుకే "80 శాతం సామర్థ్యం" అని ఎక్కడ చదివినా, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో చూడండి. ప్లగ్ నుంచి బ్యాటరీ దాకా కొలిచిన అంకె ఒక్కటే నేను లెక్కలోకి తీసుకుంటాను. లేజర్ తక్కువ విచ్చుకుంటుంది కాబట్టి 2025లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 8.6 కిలోమీటర్ల దూరంలో 800 వాట్లకు పైగా అందుకోగలిగింది, అదీ ముప్పై సెకన్ల పాటు.

అంతరిక్షంలో సోలార్ ప్యానెల్స్ పెట్టి కరెంటు కిందికి పంపాలన్న ఇంజనీర్ పీటర్ గ్లేసర్ ఆలోచన 1968 నాటిది. తర్వాత నాసా వేసిన డిజైన్‌లో పైన యాంటెన్నా వ్యాసమే ఒక కిలోమీటరు, నేల మీద రిసీవర్ సుమారు పది కిలోమీటర్లు. కిరణం విచ్చుకోవడం వల్లే అంత సైజు.

భద్రత లెక్క కూడా చూడండి. ఈ మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీల్లో సాధారణ జనానికి అంతర్జాతీయ మార్గదర్శకాల పరిమితి చదరపు మీటరుకు 10 వాట్లు. ఆ పరిమితి దాటకుండా ఒక ఇంటికి ఒక కిలోవాటు అందాలంటే, ఒక్క వాటు కూడా పోకపోయినా, 100 చదరపు మీటర్ల రిసీవర్ కావాలి. అదే తీగలతో కరెంటు పంపే హైవోల్టేజి డీసీ లైన్లో వెయ్యి కిలోమీటర్లకు పోయేది మూడు శాతం అటూఇటూ.

టెస్లా విషయానికొస్తే, ఆయన మేధావి, అందులో సందేహం లేదు. వార్డెన్‌క్లిఫ్ టవర్ (వైర్లు లేకుండా సందేశాలూ శక్తీ పంపడానికి ఆయన కట్టించింది) 1901లో మొదలైంది, దానికి డబ్బు పెట్టిన బ్యాంకర్ జె.పి. మోర్గాన్ మరింత డబ్బు ఇవ్వనన్నాడు, 1917లో టవర్‌ను కూల్చేశారు. ఇదంతా నిజమే. కానీ ఆ టవర్ దూరానికి వాడుకోదగ్గ పవర్ పంపినట్టు ఎక్కడా కొలతలు లేవు. భూమినే వాహకంగా వాడి ప్రపంచమంతా శక్తి పంచొచ్చన్న ఆయన నమ్మకాన్ని తర్వాత ఎవరూ రుజువు చేయలేకపోయారు.

నాకు ఈ టెక్నాలజీ మీద గౌరవం తగ్గలేదు. వైరు పెట్టడానికి వీల్లేని చోట దీనికి సాటి లేదు. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చే పరికరం) పెట్టుకున్నవాళ్ళకు చర్మం బయట ఒక కాయిల్, లోపల ఒక కాయిల్. చర్మానికి రంధ్రం లేకుండా పవర్, శబ్దపు సంకేతం రెండూ లోపలికి వెళ్తాయి. అక్కడ సగం శక్తి వృథా అయినా ఎవరికీ పట్టింపు ఉండదు. నీళ్ళలో పనిచేసే సీలు చేసిన పరికరాలకూ, తిరిగే యంత్రాల మీది సెన్సర్లకూ అంతే.

మీకే చేసి చూడాలనుంటే, ఐదు వోల్టులతో నడిచే చిన్న వైర్‌లెస్ చార్జింగ్ కాయిల్ మాడ్యూల్ జత, ఒక ఎల్‌ఈడీ, మల్టీమీటర్ చాలు. గోడ ప్లగ్గుకు నేరుగా ఏదీ కలపొద్దు. కాయిల్స్‌ను కొద్దికొద్దిగా దూరం జరుపుతూ, ఎల్‌ఈడీ వెలుగుతో పాటు పంపే వైపు ఎంత కరెంటు లాగుతోందో కూడా రాసుకోండి. రెండో అంకె రాయకపోతే సామర్థ్యం ఎప్పటికీ తెలియదు.