హెడ్‌లైట్ వైరింగ్‌లోకి నీళ్ళు చేరకుండా: మేనకోడలికి మామయ్య లేఖ

అమ్మాయ్,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. వాన పడినప్పుడల్లా ఎడమవైపు లైటు మసకబారుతోందని, ఎండ కాస్తే మళ్ళీ మామూలుగా వెలుగుతోందని రాశావు. దానంతట అదే బాగైంది కదా అని వదిలేయకు. తడి ఆరింది కాబట్టి వెలుగుతోంది, అంతే. ఆ తడి లోపల చేసిన నష్టం అలాగే ఉంది, ప్రతి వానకీ ఇంకొంచెం పెరుగుతుంది. పాత వైరింగ్ తీసేసి, కొత్త రిలేలు (అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, తెంపే స్విచ్‌లు) పెట్టి, పని నువ్వే చేసుకుంటానన్నావు. చాలా సంతోషం. అయితే చీకట్లో వాన కురుస్తుంటే, ఎదురుగా బండి వస్తుంటే రెండు లైట్లూ ఒక్కసారి ఆరిపోవడం ఎలా ఉంటుందో ఊహించుకో. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

కారు ముందు భాగానికి నీళ్ళు అసలు తగలకుండా చేయడం ఎవరివల్లా కాదు. నువ్వు చేయగలిగింది, వచ్చిన నీళ్ళు రాగిని తాకకముందే కిందికి జారిపోయేలా దారి ఇవ్వడం. ఎక్కడ ఏం బిగించినా ముందు ఈ ప్రశ్న వేసుకో: ఇక్కడ నీటి చుక్క పడితే ఎటు పోతుంది? కిందికి, బయటికి పోతుందంటే బిగించు. వైర్లని కలిపే కప్లర్‌లోకో, రిలేలోకో పోయేలా ఉంటే చోటు మార్చు.

పై నుంచి వచ్చే నీళ్ళు అందరికీ తెలుసు. ముందు అద్దం కింద ఉండే జాలీ దగ్గర ఆకులు పేరుకుంటే నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు నీళ్ళు అంచు దాటి బానెట్ కింద ఉన్న ఫ్యూజు బాక్సు మీద పడతాయి. అది శుభ్రం చేయడం చెయ్యి పెట్టి ఆకులు తీసేంత పని, కానీ దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. కింద నుంచి టైరు చిమ్మే నీళ్ళు, గ్రిల్ లోంచి గాలితోపాటు దూసుకొచ్చే నీళ్ళు ఉండనే ఉన్నాయి.

వీటికన్నా మొండిది ఇంకొకటి ఉంది. బల్బు వెలుగుతుంటే హోల్డరు, దాని చుట్టూ ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచిస్తాయి. ఆ వేడి మీద చల్లటి నీళ్ళు పడినా, లైటు ఆర్పేసినా లోపలి గాలి ఒక్కసారి సంకోచిస్తుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి సందు ఎక్కడుంటే అక్కడి నుంచి బయటి గాలిని లాక్కుంటుంది. ఆ సందు దగ్గర నీళ్ళుంటే గాలికి బదులు నీళ్ళే లోపలికి వెళ్తాయి. కప్లర్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. పైకి గట్టిగా మూసినట్టు కనిపించేదాన్ని విప్పితే లోపల చుక్కలు ఉండడానికి కారణం ఇదే.

వైరు కూడా నీటిని మోస్తుంది. లోపల సన్నటి రాగి తీగలు బోలెడు ఉంటాయి కదా, వాటి మధ్య సందుల్లోంచి నీరు దీపపు వత్తి నూనె పీల్చినట్టు పాకుతుంది. చివర ఒక్కచోట తడిస్తే పైతొడుగు కింద జానెడు దూరం దాకా చిలుము పట్టేస్తుంది. అందుకని పాత వైరు మళ్ళీ వాడాలనుకుంటే చివర కోసి చూడు. తీగలు నల్లగానో పచ్చగానో ఉంటే ఇంకా వెనక్కి కొయ్యి. మెరిసే రాగి కనిపించేదాకా కోస్తూనే ఉండు. నల్లబడిన తీగకి ఎంత మంచి లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) కొట్టినా పట్టు దొరకదు.

ఈ చిలుము వల్ల ఎంత నష్టమో లెక్క చెబుతాను. మామూలు హెచ్4 రకం హాలోజెన్ బల్బు హై బీమ్‌లో 60 వాట్లు, లో బీమ్‌లో 55 వాట్లు తీసుకుంటుంది. అంటే ఒక్కో బల్బుకి దాదాపు 5 ఆంపియర్లు. జాయింట్‌లో చిలుము వల్ల 0.2 ఓమ్‌ల నిరోధం చేరిందనుకో, అక్కడే దాదాపు 1 వోల్టు పోతుంది. ఆ పోయిన 1 వోల్టు సుమారు 5 వాట్ల వేడిగా మారి ఆ జాయింట్‌నే కాలుస్తుంది. బల్బుకి అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే హాలోజెన్ వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. బల్బు పాతబడిందని మార్చేవాళ్ళలో చాలామందికి అసలు జబ్బు వెనక వైరులో ఉంటుంది.

ఇక రిలే. దాని కాళ్ళ మీద అంకెలు ఉంటాయి. 30 అంటే బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, 87 అంటే బల్బుకి వెళ్ళేది, 85, 86 లోపలి స్విచ్‌ని లాగే కాయిల్‌వి. వీటిలో 30 మీద కన్నేసి ఉంచు. బండి ఆపినా, తాళం తీసేసినా దానిలో కరెంటు ఉంటూనే ఉంటుంది. పక్క కాళ్ళతో దానికి తడి వంతెన ఏర్పడితే, బండి నిలబడి ఉన్నంతసేపూ సన్నటి లీకేజీ సాగుతూ పాజిటివ్ వైపు లోహాన్ని తినేస్తుంది. కుళ్ళిన రిలే సాకెట్లను చూస్తే ముందుగా పోయేది చాలాసార్లు ఈ 30 నంబరే.

కాబట్టి రిలేని ఎప్పుడూ కాళ్ళు నేల వైపు ఉండేలా, వైర్లు కింద నుంచి వచ్చేలా బిగించు. తలకిందులుగా బిగిస్తే సాకెట్ గిన్నెలా నీళ్ళు పట్టి ఉంచుతుంది. అడ్డంగా పడుకోబెట్టడం కూడా నాకు నచ్చదు. చోటు విషయానికొస్తే, గ్రిల్ వెనక రేడియేటర్ పక్కన ఖాళీ ఉంది కదా అని చాలామంది అక్కడే పెట్టేస్తారు. నీళ్ళు నేరుగా కొట్టే చోటు అదే. బ్యాటరీకి దగ్గరగా, బానెట్ అంచుకి లోపలగా, ఎత్తులో, ఇంజిన్ వేడి తగలని చోటు వెతుకు. దొరికాక బానెట్ మూసి, పైన నీళ్ళు పోసి, తెరిచి ఆ చోటు పొడిగా ఉందో లేదో చూసుకుని అప్పుడు రంధ్రం వెయ్యి.

రిలేలు రెండు రకాలు. ప్లాస్టిక్ టోపీ మాత్రమే ఉండేది ఒకటి, పూర్తిగా సీల్ చేసింది ఇంకొకటి. నీకు రెండోదే కావాలి. సాకెట్‌కి ప్రతి వైరు దగ్గరా రబ్బరు సీలు ఉండాలి. దాని మీద ఐపీ 67 అని ఉంటే దుమ్ము చొరబడదని, 1 మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉన్నా తట్టుకుంటుందని అర్థం. ప్రెషర్ వాషర్ ధారని తట్టుకుంటుందని మాత్రం కాదు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు లైట్ల వెనక, ఫ్యూజు బాక్సు మీద ఆ గన్ పెట్టొద్దని ముందే చెప్పు, మొహమాటపడకు. ఇంకో చిన్న సంగతి: సాకెట్‌లో వాడని గడి ఉంటే దాన్ని ఖాళీగా వదలకు, రబ్బరు బిరడా పెట్టి మూసెయ్యి. మిగతా సీళ్ళన్నీ బాగున్నా ఆ ఒక్క గడి చాలు నీళ్ళకి.

ఫ్యూజుల దగ్గర నాది గట్టి పట్టుదల. బ్యాటరీ నుంచి వచ్చే వైరు మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. ఆ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. రిలే దాటాక ఎడమ లైటుకి ఒకటి, కుడి లైటుకి ఒకటి విడిగా 10 ఆంపియర్ల ఫ్యూజులు వెయ్యి. రెడీమేడ్ కిట్లలో చాలావాటికి ఈ విభజన ఉండదు. ఒకవైపు హోల్డర్‌లో నీళ్ళు దిగి షార్ట్ అయితే రెండు లైట్లూ పోతాయి. విడి ఫ్యూజులుంటే ఒక లైటన్నా మిగులుతుంది, నువ్వు బండిని పక్కకి తీసుకోగలవు. లో బీమ్‌కీ హై బీమ్‌కీ వేరు వేరు రిలేలు పెట్టేదీ ఇందుకే.

జాయింట్లు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది. తప్పనిసరైన చోట మంచి టూల్‌తో క్రింప్ చేసి, అంటే గట్టిగా నొక్కి బిగించి, లోపల జిగురు ఉండే, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవు వెయ్యి. వేడి చేసినప్పుడు రెండు చివర్లా జిగురు కొద్దిగా బయటికి పొంగాలి. అప్పుడే సీల్ అయినట్టు. మామూలు నల్ల టేపుని నమ్ముకోకు. ఇంజిన్ వేడికి దాని బంక కరిగి, చుట్టు వదులై, లోపలికి పోయిన నీళ్ళని ఆరనివ్వకుండా పట్టి ఉంచుతుంది. వైరు కొయ్యకుండా పైనుంచి నొక్కి కలిపే ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి చూడు, అవి తొడుగు చీల్చి లోపలి తీగల్ని సగం తెంపుతాయి. బానెట్ కింద అవి వద్దు. టెస్ట్ ల్యాంప్ సూదితో వైరుని గుచ్చి కరెంటు చూసే అలవాటు కూడా వద్దు, ఆ సూది బెజ్జమే నీటికి దారి అవుతుంది.

వైరు ఏ కప్లర్‌లోకి వెళ్తున్నా, అక్కడికి చేరేముందు కప్లర్‌కన్నా కిందికి వంగి, మళ్ళీ పైకి లేచేలా వదులు ఉంచు. వైరు వెంట జారొచ్చిన నీళ్ళు ఆ వంపు అడుగున చుక్కలై రాలిపోతాయి, పైకి ఎక్కవు. గాడి ఉన్న ప్లాస్టిక్ స్లీవు తొడిగితే ఆ గాడిని నేల వైపు తిప్పు. స్లీవుని చివరి నుంచి చివరి దాకా టేపుతో మూసేసేవాళ్ళున్నారు, నేనైతే అలా చేయను. రేకులోంచి వైరు దాటే ప్రతిచోటా గ్రోమెట్ అనే రబ్బరు రింగు ఉండాలి. లేకపోతే కంపనానికి రేకు అంచు తొడుగుని కోసేస్తుంది.

కరెంటుని తిరిగి బండి బాడీకి చేర్చే ఎర్త్ వైరుని ఎవరూ పట్టించుకోరు, సగం గొడవలు అక్కడే ఉంటాయి. హెడ్‌లైట్ ఎర్త్ బిగించేచోట రంగు గీకి, తెల్లటి లోహం కనిపించాక లగ్గు పెట్టి బోల్టు బిగించు. బిగించిన తరవాత పైన గ్రీజో పెయింటో పూయి. ముందే పూసి బిగించకు.

గ్రీజు అంటే ఏది పడితే అది కాదు. చక్రాలకి వేసే గ్రీజు కొన్ని రకాల రబ్బరు సీళ్ళని ఉబ్బించి పాడుచేస్తుంది. కప్లర్లకి సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు వాడు. అది కరెంటు ప్రవహించడానికి కాదు, నీటిని రానివ్వకుండా ఉండడానికి. సీళ్ళ మీద, బల్బు వెనక రబ్బరు బూటు అంచుల మీద పల్చగా పూస్తే చాలు. బల్బు గాజుకి మాత్రం అంటనివ్వకు. ట్యూబులో వచ్చే సిలికాన్ సీలెంట్ వేరే సరుకు. దానిలో వెనిగర్ వాసన వేసే రకం గట్టిపడుతూ ఆమ్లాన్ని వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. ఎక్కడన్నా వాడక తప్పకపోతే న్యూట్రల్ రకం అడిగి తీసుకో.

ఆ సీలెంట్‌తో హెడ్‌లైట్ వెనక ఉన్న గాలి రంధ్రాలని మూయాలని అనిపిస్తుంది. మూయకు. లైటు ఊపిరి తీసుకునేది వాటిలోంచే. వాన తరవాత అద్దం లోపల పల్చటి మంచు పట్టి, లైటు వేసి కాసేపు నడిపితే పోతోందంటే అది మామూలే. అడుగున నీళ్ళు నిలిచాయంటే మాత్రం అద్దం అంచు సీలో, వెనక బూటో పోయినట్టు. హాలోజెన్ తీసేసి ఎల్‌ఈడీ బల్బులు వేసుకునేవాళ్ళు వెనకున్న ఫ్యాన్ పట్టడం లేదని రబ్బరు బూటు కోసేస్తుంటారు. ఎంత మంచి బల్బైనా సరే, బూటు కోస్తేగానీ పట్టదంటే అది నీ బండికి పనికిరాదు.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యడం మరిచిపోకు. అంతా బిగించాక మల్టీమీటర్ తీసుకో. లైటు వెలుగుతుండగా ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది బల్బు హోల్డర్ పాజిటివ్ మీద పెట్టు. అర వోల్టుకి మించి చూపిస్తే దారిలో ఎక్కడో పట్టు సరిగా లేదు. ఎర్త్ వైపు కూడా అలాగే చూడు, అక్కడ ఇంకా తక్కువ రావాలి. రెండు వైపుల అంకెలూ కాగితం మీద రాసుకో. తరవాత పైపుతో వాన పడుతున్నట్టు ముందు భాగం మీద కాసేపు నీళ్ళు చల్లి, మళ్ళీ కొలువు. తడిసినప్పుడూ అవే అంకెలొస్తే వైరింగ్ బాగున్నట్టే. డిప్పర్ కొట్టినప్పుడు రిలే ఒక్కసారే టిక్ అనాలి. టకటకా కొట్టుకుంటోందంటే కాయిల్‌కి సరైన వోల్టేజీ అందడం లేదు, 85, 86 వైర్లు చూడు.

డ్యాష్‌బోర్డు అరలో స్పేర్ రిలే ఒకటి, రెండు రకాల ఫ్యూజులూ పెట్టుకో. రిలే కొనేటప్పుడు ఒకటి గమనించు: కొన్నిటిలో 30, 86 కాళ్ళ స్థానాలు తారుమారై ఉంటాయి. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, లైటు మాత్రం సరిగా పనిచేయదు. అందుకని తెచ్చిన రోజే పెట్టి, లైటు వేసి చూసుకున్నాకే దాచు. రిలేలు ఎక్కడ బిగించాలనుకుంటున్నావో రంధ్రం వేసేముందు ఒక ఫొటో పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య