మాచిపత్రి కాచి తాగితే మలేరియా పోతుందా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర పల్లె. వానాకాలం వస్తే ఇంట్లో ఎవరో ఒకరికి మలేరియా తప్పదు. దాని మందు మాచిపత్రి జాతి మొక్కలోంచే తీశారని మా అబ్బాయి చదివాడట. మరి ఆ ఆకే కాచి తాగొచ్చు కదా, ఇంకా కొత్త మందులు వెతకడం దేనికి?

జవాబు: మీ అబ్బాయి చదివింది నిజమేనండీ, కానీ సగమే. చవితి పూజలో పెట్టే మాచిపత్రికి చుట్టమైన ఆర్టెమిసియా యాన్యువా అనే మొక్కలో ఉంది ఆ మందు, మన మాచిపత్రిలో కాదు. పోనీ ఆ మొక్కే దొరికినా, కాచారంటే పని చెడినట్టే. చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందానికి ముందు ఎదురైన చిక్కు ఇదే, తీసిన సారం ఒకసారి పనిచేస్తే ఇంకోసారి చేసేది కాదు. 4వ శతాబ్దపు వైద్య గ్రంథం ఒకటి తిరగేస్తే, ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని ఉంది, కాచమన్న మాటే లేదు! వేడికి మందు పోతోందేమోనని అప్పుడు తట్టింది ఆమెకు. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు, 1971లో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను పూర్తిగా తుడిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

ఆ మందు పేరు ఆర్టెమిసినిన్. దాని అణువులో రెండు ఆక్సిజన్లు జంటగా అతుక్కుని ఉంటాయి. మలేరియా క్రిమి మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తింటుంది కదా, అందులోంచి బయటపడ్డ ఇనుము తగలగానే ఆ జంట తెగి క్రిమినే దెబ్బతీస్తుంది. ఈ కిటుకు తెలిశాక మొక్కతో పనిలేకుండా ల్యాబ్‌లోనే ఆర్టెరోలేన్ అనే మందు తయారుచేశారు, 2012లో పైపెరాక్విన్ అనే ఇంకో మలేరియా మందుతో కలిపి మన దేశంలోనే మార్కెట్లోకి వచ్చింది.

కొత్తవి ఎందుకంటే, క్రిమి ఊరుకోదు. క్లోరోక్విన్ అనే పాత మందుకు అలవాటుపడింది, కంబోడియాలో ఆర్టెమిసినిన్‌కూ ఇదివరకంత త్వరగా లొంగడం మానేసింది. చాలీచాలని మోతాదులో కషాయం తాగితే దానికి ట్రైనింగ్ ఇచ్చినట్టే. ఆకు టీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో మళ్లీమళ్లీ జ్వరం వచ్చేది ఒకే మనిషికా? వైవాక్స్ అనే రకం మలేరియా అయితే క్రిమి కాలేయంలో నెలల తరబడి నక్కి ఉంటుంది, దానికోసమే 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు, మూడో రోజు జ్వరం తగ్గగానే చాలామంది ఆ మాత్రలు అటక మీద పడేస్తారు. రక్తపరీక్ష చేయించి, ఏ రకమో డాక్టరు దగ్గర కనుక్కోండి.